దాహము లేదని చెప్పిన తల్లి

గడచిన కార్తికమాసములో నొకనాఁడు మేము మా తల్లిని కారులోఁ గూర్చుండఁబెట్టుకొని తెనాలి నుండి బాపట్లకును, అచ్చటి నుండి రేపల్లెకును, మరల తెనాలికిని ఒక చుట్టు తిరిగి వచ్చితిమి. బాపట్లలో భావనారాయణస్వామి దర్శనము, రేపల్లెలో మంచము పట్టిన మా పినతల్లి పరామర్శ, ఈ రెండును ఆమె చిరకాలపు కోరికలు. ఆమెకు డెబ్బదియెనిమి దేండ్లు. తెల్లవాఱకముందే స్నానముచేసి, మంచి చీర గట్టుకొని, వసారాలోఁ గూర్చుండి మా కొఱకుఁ గనిపెట్టుకొని యుండెను. కాఫీ యిచ్చిన వలదనెను. దైవదర్శనమునకుఁ బోవువారు ఉపవాస ముండుట వింత గాదని మే మూరకుంటిమి.

పొన్నూరు దాఁటునప్పటికి ఎండ యెక్కెను. నీళ్ళసీసా యందించితిమి. “నాకు దాహం లేదు నాయనా” అనెను. బాపట్లలో దర్శనమైన పిమ్మట కొబ్బరిబొండము కొట్టించి యిచ్చితిమి. పెదవులు తడుపుకొని మా చేతికే తిరిగి యిచ్చెను. ఉపవాసము తీఱిన పిదప నిదేమి యని యప్పటికైన మాకుఁ దోఁపవలసినది. తోఁపలేదు. మేము మిగిలిన నీరు త్రాగి, కొంత దూరము పోయిన తరువాత కారాపి, తుమ్మచెట్ల చాటునకుఁ బోయి వచ్చితిమి. ముప్పది యేండ్లుగా నీ దారులలోఁ దిరుగుచున్నాము. ఒక్కనాఁడైన నెచ్చట దిగవలెనని యాలోచించి యెఱుఁగము. మగవానికి లోకమంతయుఁ జెట్టుచాటే.

బాపట్ల నుండి కర్లపాలెము, చెరుకుపల్లి మీఁదుగా రేపల్లెకుఁ బోవు బాట 216వ సంఖ్య గల జాతీయ రహదారి. ఇది కృష్ణ పశ్చిమ డెల్టా. కాటన్ దొరగారి ప్రణాళిక ననుసరించి 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన నాఁటినుండి, 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చిన తరువాతను, ఈ నేలకు నీటి కఱవు లేదు. ఆనాఁడు కాలువలు నిండుగాఁ బాఱుచున్నవి, వరి యీనియున్నది. అంత నీటి నడుమ మా తల్లి పెదవు లెండి, కన్నులు మూసికొని, రెండు చేతులతోఁ బొత్తికడుపు నదిమి పట్టుకొని కూర్చుండెను. ఆరోగ్యము చెడెనా యని యడిగితిమి. చాలసేపటికి మెల్లఁగా, “ఎక్కడన్నా ఆడవాళ్ళున్న ఇల్లు కనపడితే కాస్త ఆపు నాయనా” అనెను.

అప్పుడు మాకుఁ దెలిసినది. ఆమె తెల్లవాఱుజామునుండి నీరు త్రాగకుండుట భక్తి గాదు, భయము.

ముందుగా నొక పెట్రోలు బంకు కడ నాపితిమి. గది యున్నది, తాళ మున్నది, తాళపుచెవి గలవాఁడు భోజనమునకుఁ బోయియుండెను. మఱికొంత దూరములో నొక యూరిలో, ప్రారంభోత్సవ ఫలకము గలిగిన కట్టడమే కనఁబడెను. ఫలకముమీఁద పెద్దల పేళ్ళన్నియు నున్నవి. లోపల సిమెంటు బస్తాలును, విఱిగిన కుర్చీలును ఉన్నవి. తుదకు చెరుకుపల్లి కీవల, బాట ప్రక్కనే యొక చిన్న రేకుల యింటిముందు అంట్లు తోముకొనుచున్న యొక యువతి మా తల్లి మొగము చూచి, మే మడుగకముందే లేచి, “రండి మామ్మగారూ, లోపలికి రండి” యని చేయి పట్టుకొని తీసికొనిపోయెను. పెరటిలో ఆ చిన్నగది యున్నది. కొంతసేపటికి బయటకు వచ్చి, మా తల్లి ఆ యింటి గడపమీఁదఁ గూర్చుండి, మూఁడు గ్లాసుల మంచినీరు త్రాగెను. మూఁడవ గ్లాసు త్రాగునప్పుడు మేము తల యెత్తి చూడలేకపోయితిమి.

సాహిత్యపత్రికలో నీ ప్రసంగ మేల యని ముక్కు మూసికొను పెద్దలుందురు. మన భాషలో తామరపువ్వునకు లెక్కలేనన్ని పేళ్ళున్నవి. ఈ గదికి మఱుఁగుదొడ్డి యను చక్కని పేరుండియు, వ్రాయుటకు కలము వెనుకాడును. వ్రాయరానిది కట్టరానిదియు నగుచున్నది. బెర్నార్డుషా లండన్ నగరమున సెయింట్ పాంక్రాస్ పేట పురపాలక సభలో సభ్యుఁడై యుండి, 1900 ప్రాంతమున స్త్రీల కొఱకు వీథిలో నొక మఱుఁగుదొడ్డి కట్టింపవలెనని పోరాడెను. కట్టఁబోవు చోటఁ గొయ్యతో నమూనా నిలుపఁగా, అది రాకపోకల కడ్డమని ఋజువు చేయుటకై బండ్లవారు పనిగట్టుకొని దానిని గ్రుద్దిరఁట! ఆ యనుభవమునే యాతఁడు 1909లో స్త్రీల వోటుహక్కునుగూర్చి వ్రాసిన వ్యాసమునకుఁ బునాదిగాఁ జేసికొనెను. సభలో స్త్రీలు లేనిచో వారి యవసరములు సభకుఁ దెలియవని యతని వాదము. మన తెనాలి మాత్రము తక్కువదా? కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గా రా యూరి పురపాలక సంఘాధ్యక్షులుగా నుండిరి. మురుగుకాలువల లెక్కలు చూచిన చేయియే కావ్యములు వ్రాసినది. మన సాహిత్యగౌరవ మందువలన నించుకయుఁ దఱుగలేదు.

ముసలివారిని దిప్పుట యెందులకు, ఇంటఁ గూర్చుండి రామా కృష్ణా యనుకొనరాదా యను వారును గలరు. వీరిని మే మొక్కటి యడిగెదము. ఇల్లు గదలకుండుమని కోడలిని శాసించుట దురాచార మని నూఱేండ్ల క్రిందటనే యొప్పుకొంటిమి గదా. అదే మాటను డెబ్బదియేండ్ల తల్లితో, నోటితోఁ జెప్పక బాటతోఁ జెప్పించుట మాత్రము సదాచార మెట్లగును? మా తల్లి కెప్పుడును రేపల్లెకు రైలులోనే పోవుదమని పట్టుదల. అది పాతకాలపు అలవాటనియు, టిక్కెట్టు చవుక యనియు మేము నవ్వుకొనెడివారము. రైలులో నైన గడియ గల గది యొకటి యుండునని యామె యెన్నఁడును మాతోఁ జెప్పలేదు, మేమును అడుగలేదు. ఈ యడుగకపోవుటలో మా పాలు పెద్దది. పుత్రులు దిక్కుమాలిన పుణ్యక్షేత్రములన్నియుఁ ద్రిప్పుదురు గాని, ఈ చిన్నమాట యడుగుటకు సిగ్గుపడుదురు.

ఇఁక ప్రభుత్వము మాట. 2014 అక్టోబరు 2వ తేదీన మొదలైన స్వచ్ఛభారతోద్యమమున, ఇంట మఱుఁగుదొడ్డి కట్టుకొను బీదకుటుంబమునకు 12,000 రూపాయల వఱకు సాయ మొసఁగిరి. ఆ రేకులయింటి గదియు నట్టిదే కావచ్చును, అది మేలే. 2019 అక్టోబరు 2వ తేదీన దేశమందలి గ్రామములన్నియు బహిర్భూమి బాధ నుండి విముక్తము లైనవని ప్రకటించిరి. ఇంటిలో నున్న స్త్రీ లెక్కకు వచ్చినది. గడప దాఁటిన స్త్రీ లెక్కకు రాలేదు. సంతకుఁ బోవు కాయగూరల యామె, నాటునకుఁ బోవు కూలిది, బస్సులోఁ గళాశాలకుఁ బోవు పిల్ల, మందులకై పట్టణమునకు వచ్చు ముసలిది, వీరందఱును ఇంటనే నీరు మానుకొని బయలుదేరుచున్నారు. దాహము చంపుకొనుటవలన మూత్రవ్యాధులు గలుగునని యే వైద్యు నడిగినను జెప్పును. 2025 జనవరి 15వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, న్యాయస్థానము లన్నిఁటియందును స్త్రీలకుఁ బ్రత్యేకముగా మఱుఁగుదొడ్లుండవలెననియు, ఇది జీవించు హక్కులోని భాగమే యనియుఁ దీర్పు చెప్పినది. న్యాయస్థానపు గుమ్మములోపల జీవించు హక్కున్నప్పుడు, కర్లపాలెము దారిలో నది యెక్కడికిఁ బోవును?

కట్టినను జనులు పాడుచేయుదురని చెప్పుట యొక యలవాటైనది. పాడుచేయువా రున్నారు, కాదనము. కాని యూడ్చు మనిషికి జీతమీయని గది దానంతట నదియే శుభ్రముగా నుండవలె ననుట యేమి న్యాయము? మన కూడలులలో నెన్ని విగ్రహములు! తెనాలి శిల్పుల చేతిపనియన్న మాకును గర్వమే. విగ్రహము పెట్టిన వారు దానికి దండ వేయుటకు మనిషిని గుదుర్చుకొందురు, కడిగించుదురు, రంగు వేయింతురు. ఈ గదికి మాత్రము తాళ మొక్కటే పోషణ. మన పూర్వులు బాటసారులకు సత్రములు గట్టిరి, చలివేంద్రములు పెట్టిరి. వేసవిలో నేఁటికిని దాతలు మజ్జిగ పోయుదురు. త్రాగించుట పుణ్య మనుకొనిన దాత, త్రాగిన యాఁడుది తరువాత నెక్కడికిఁ బోవునని యొక్కసారి తలఁచియుండిన, కుండ ప్రక్కనే నాలుగు గోడలు లేచియుండెడివి. 1913లో మొదటి యాంధ్రమహాసభ బాపట్లలోఁ గూడి తెలుఁగువారికి వేఱు రాష్ట్రమునుగూర్చి చర్చించెను. అది 1953లో వచ్చినది. రాష్ట్ర మడుగుటకు నోరున్న సీమలో, ఒక ముసలామె గది యడుగుటకు నోరు లేక కడుపు పట్టుకొని కూర్చుండుట మా కన్నులారఁ జూచితిమి.

రహదారి వేయువారు మైలురాళ్ళతోపాటు ఈ గదులను, ఊడ్చు మనిషి జీతముతోఁ గూడ, అంచనాలోఁ జేర్పవలెను. పురపాలక సభలలోని స్త్రీసభ్యులు తమ భర్తలను ఇంటఁ గూర్చుండఁబెట్టి తామే సభకుఁ బోయి యీ మాట నడుగవలెను. బంకు యజమానులు తాళపుచెవిని మేకునకుఁ దగిలించిన మాకుఁ జాలును.

రేపల్లెలో అక్కచెల్లెండ్రు చేతులు పట్టుకొని యేడ్చిరి, నవ్విరి. భట్టిప్రోలు, వేమూరు మీఁదుగా చీఁకటిపడి తెనాలి చేరితిమి. అక్కడను, తిరిగివచ్చునప్పుడును ఆమె మరల నీరు ముట్టలేదు. రాత్రి చలిజ్వరము వచ్చి నాలుగు దినము లుండెను.

మాఘములో బాపట్లలో మా బంధువులయింట వివాహము. శుభలేఖ రాఁగానే చదివి వినిపించితిమి. మా తల్లి ముహూర్త మెప్పు డని యడుగలేదు. పొన్నూరు మీఁదుగాఁ బోవుట దగ్గఱదారి యని యామెకుఁ దెలియును. “చెరుకుపల్లి దారిన పోదామా నాయనా? ఆ పిల్ల ఇల్లుందిగా” అనెను.