రంగు వెలియు బట్ట, రంగు దాచు పుట
చిత్తూరు సీమనుండి దిగివచ్చి పాలారులో కలియు కౌండిన్యనది యొడ్డున, తెలుగును తమిళమును ఒకే వీధిలో వినవచ్చు ఊళ్లకు చేరువనున్న గుడియాత్తపు చేమగ్గముల గళ్లలుంగీ, నేడు యువకుల చొక్కాగా మాఱి అమ్ముడుపోవలెనన్నచో, దానికొక వెబ్‌సైటు నిర్మించువాడు మొట్టమొదట ఆ బట్టను ఉతికి చూచియుండవలెనని నా యభిప్రాయము. 1958లో అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ వారు మన మద్రాసు గళ్లబట్టతో కుట్టించి యమ్మిన దుస్తులు నీట తడిసినంతనే రంగు వదలగా, కొన్నవారు మండిపడిరి. అట్లు వెలియుటయే దాని సొగసని ప్రకటనలు చాటిన పిమ్మట, ఆ దోషమే కళాశాల విద్యార్థులకు వేడుకయైనది. ఇందు వాక్చాతుర్యము కొంత కలదు, కాదనను. అయినను దాచుటకంటె నది మేలు. మన యువజనవస్త్రముల వెబ్‌సైట్లు చేయుచున్నదేమి? తెరపై జాఱిపోవు బొమ్మలు, ఏ కొండమీదనో నవ్వు ముఖములు, పల్లెటూరి ఫోనులో ఎంతకును తెఱచుకొనని బరువైన వీడియోలు! నేత కనబడునట్లు దగ్గఱగా తీసిన ఛాయాచిత్రము, అంగుళములలో ఛాతీకొలత, ఉతికిన పిదప ఎంత కుఱుచయగునో ఆ లెక్క, వాపసు నియమము తెలుగునను తమిళమునను తొలిపుటలోనే యుండవలెను. కొండమీది కుఱ్ఱవానికి చోటు మిగిలినచో ఆ మీదట చూచుకొనవచ్చును.