పిడుదులు ఊరందఱికిని శత్రువులు



గొఱ్ఱె మేత మాని, జ్వరపడి, కనుఱెప్పల లోపల తెల్లబాఱినచో గాలి సోకినదని దిష్టి తీయుట చాలదు. ముందుగా చెవుల లోపలను, తోక క్రిందను, తొడల సందులను చూడవలెను. అచ్చట నంటుకొనిన పిడుదు రక్తమును పీల్చుటయే గాక తైలేరియా, బెబీసియా యను సూక్ష్మజీవులను లోనికెక్కించును. అవి రక్తకణములలో చేరి వానిని చెఱచును. పిడుదులు రోగమును మోయునని 1893 లో అమెరికాలో స్మిత్, కిల్బోర్ను అను పండితులు పశువుల టెక్సాసు జ్వరమున రుజువు చేసిరి.

కడుపు నిండిన ఆడుపిడుదు నేలరాలి, గోడల నెఱ్ఱెలలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. మన గండికోట మిట్టలపై మందలు కలిసి మేయును; ఎరువుకై చేనుచేనునకు మంద కట్టుదుము. కావున ఒక్కరు మందు వేసి పొరుగువారు ఊరకుండిన ఫలము సున్న.

నా యభిప్రాయమున సంఘమే మందును టోకున కొని, ఊరి మందల నన్నిటిని ఒక్కనాడే మందునీట ముంచవలెను. గ్రుడ్లనుండి పిల్లలు వెలువడును గనుక పశువైద్యుడు చెప్పిన పాళ్లలో, చెప్పిన గడువున మఱల ముంచవలెను. వాడిన నీటిని చెఱువులో గాని పెన్నలో గాని పోయరాదు. దొడ్డి నెఱ్ఱెలు పూడ్చి సున్నము కొట్టవలెను.

ఖర్చెక్కువ యందురా? ఈనిన గొఱ్ఱె చచ్చిన దాని పిల్లయు దక్కదు. సంఘమున వాటా చెల్లించినది అప్పు కొఱకు మాత్రమే కాదు గదా!