పెళ్లి ఫోటోలు పోగెయ్యకండి, అడగండి

హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో పెళ్లికి వెళ్తే, పన్నీరు చల్లే చోటే ఈమధ్య ఒక స్టాండు కూడా ఎదురవుతోంది. పైన వధూవరుల పేర్లు, మధ్యలో క్యూఆర్ కోడ్, కింద ఒక విన్నపం: మీరు తీసిన ఫోటోలు, వీడియోలు అన్నీ ఇందులో వేయండి. స్టాండు పెట్టని ఇంటివాళ్లు వాట్సాప్ గ్రూపు పెడతారు. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఎక్కడ చూసినా లగ్గం పనుల జాబితాలో పురోహితుడు, క్యాటరింగ్, డీజే తర్వాత ఇది కూడా చేరిపోయింది.

దీని వెనకున్న వాదన వినడానికి తిరుగులేనిది. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో కెమెరా ఉంది. లక్షలు తీసుకున్న ఫోటోగ్రాఫరు వేదిక దగ్గర నుంచి కదలడు. భోజనాల దగ్గరి నవ్వులు, ఎదురుకోళ్ల హడావుడి, అప్పగింతలప్పుడు వెనక వరుసలో కళ్లు తుడుచుకున్న పినతండ్రి, ఇవన్నీ చుట్టాల ఫోన్లలోనే ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా ఇదంతా ఒకచోట చేరుతుంటే కాదనడానికేముంది? ఎంత ఎక్కువ చేరితే జ్ఞాపకం అంత నిండుగా ఉంటుంది కదా!

ఈ వాదనలో మొదటి సగం నిజం. చుట్టాల ఫోన్లలో మంచి ఫోటోలు ఉంటాయి. కాబట్టి అందరి దగ్గరా ఉన్నదంతా పోగెయ్యాలన్న రెండో సగమే తప్పు. ఆ తప్పు ఇప్పుడు మర్యాదగా చలామణి అవుతోంది.

ఫిల్మ్ రీలు కాలమే గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. రీలుకు 36 ఫోటోలు. ఆ 36లో ఎవరుండాలో ఇంటి పెద్దలు నిర్ణయించేవారు. కట్నమిచ్చిన మామ ఉండేవాడు, పేరున్న అతిథి ఉండేవాడు. పొయ్యి దగ్గర తెల్లవార్లూ నిలబడ్డ వంటాయన ఉండేవాడు కాదు. డప్పు కొట్టినవాళ్లు, విస్తళ్లు ఎత్తినవాళ్లు ఉండేవారు కాదు. భర్త పోయిన మేనత్తను శుభకార్యమని పక్కన కూర్చోబెట్టినట్టే ఆల్బమ్‌లోంచి కూడా పక్కన పెట్టేవారు. మన వరంగల్ ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ బతుకమ్మనూ పల్లె బతుకునూ కెమెరాకెక్కించి తెలంగాణకు తన ముఖం తనకు చూపించారు. 2022 జనవరిలో కన్నుమూసిన ఆయన తీసిన ముఖాల్లో చాలా వాటికి మన స్టూడియో పెళ్లి ఆల్బమ్‌లలో చోటు దొరికేది కాదు. ఆ లోటును నేడు మేనల్లుడి ఫోన్ కొంత తీరుస్తోంది. పక్కన కూర్చోబెట్టిన మేనత్త అందులో నవ్వుతూ కనిపిస్తుంది. మంచిదే.

అయితే పాత ఆల్బమ్ ఆమెను అడగకుండా తీసేసింది. కొత్త క్యూఆర్ కోడ్ ఆమెను అడగకుండా చేర్చేసింది. ఆమెకు రెండుచోట్లా మాట లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

ముందు జ్ఞాపకం సంగతి తేలుద్దాం. ఆరు వందల మంది వచ్చిన పెళ్లిలో వంద మంది తలా ముప్పై ఫోటోలు పంపారనుకుందాం. మూడు వేలవుతాయి. ఒక్కోదాన్ని ఐదు సెకన్లు చూసినా నాలుగు గంటలు దాటుతుంది. వీడియోలు వేరు, ఫోటోగ్రాఫరు ఇచ్చేవి వేరు. ఆ మూడు వేలలో జీలకర్ర బెల్లం పెట్టిన ఒక్క క్షణమే ముందు వరుస తలకాయల సందుల్లోంచి ఎన్ని వందల సార్లు వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొత్త జంట ఒకరోజు కూర్చుని మొదలుపెడుతుంది, రెండు వందలు చూసి ఆపేస్తుంది. మిగతావి అలాగే ఉండిపోతాయి. మేనల్లుడు తీసిన ఆ ఒక్క మంచి ఫోటో కూడా ఆ గుట్టలోనే ఎక్కడో ఉంటుంది. దేన్ని పోగొట్టుకోకూడదని పోగేశామో దాన్ని ఆ పోగే మింగేస్తుంది.

పోగేసిన వాటిని దాచుకోవడం కూడా ఉచితం కాదు. గూగుల్ ఫోటోస్ లెక్కలేనన్ని ఫోటోలను ఊరికే దాచిపెట్టే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ మాత్రమే ఉచితం. వందల మంది పంపే వీడియోలకు అది ఏ మూలకు? నెలనెలా కట్టాలి, లేదా గడువు దాటాక తుడిచేసే ఏదో ఒక సేవను నమ్ముకోవాలి. వాట్సాప్‌లో పంపితే ఇంకో తంటా. మామూలుగా పంపిన ఫోటోను అది కుదించి పంపుతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ సదుపాయం ఇచ్చినా దాన్ని ఎంచుకుని పంపేవాళ్లు ఎందరు? ఫోటోలో దాగి ఉండే తీసిన తేదీ, చోటు వంటి వివరాలు కూడా అక్కడ రాలిపోతాయి. పదేళ్ల తర్వాత చూస్తే అది మైలపోలు నాటిదో రిసెప్షన్ నాటిదో చెప్పడానికి చీర రంగే ఆధారం.

ఇదంతా ఇంటివాళ్ల నష్టం, వాళ్లిష్టం అనుకోవచ్చు. అతిథుల నష్టం అలా కాదు.

గ్రూపు సంగతే చూడండి. పెళ్లి ఫోటోల కోసం మూడు వందల మందిని చేర్చిన వాట్సాప్ గ్రూపులో ప్రతి సభ్యుడికీ మిగతా అందరి ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. పెళ్లికూతురు స్నేహితురాళ్ల నంబర్లు పెళ్లికొడుకు దూరపు చుట్టాల చేతికి, డెకరేషన్ కుర్రాళ్ల చేతికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత వచ్చే గుడ్ మార్నింగులకు, రాత్రి పదకొండింటి హాయ్‌లకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ అమ్మాయిలే. లింకు పెట్టిన ఆల్బమ్ అంతకంటే తెరిచిన తలుపు. లింకు ఎవరి దగ్గరుంటే వాళ్లు చూడొచ్చు, దించుకోవచ్చు. స్టాండు మీద అతికించిన కోడ్‌ను బరాత్ బ్యాండువాడూ స్కాన్ చేయొచ్చు, దారిన పోయేవాడూ చేయొచ్చు. పైగా పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి ఫోన్లు దోచుకుంటున్నారని పోలీసులు హెచ్చరిస్తున్న రోజులివి. అలాంటప్పుడు పెళ్లి అనగానే కనపడిన కోడ్ స్కాన్ చేయండి, అడిగిన అనుమతి ఇవ్వండి అని పెద్దవాళ్లకు మనమే అలవాటు చేస్తున్నాం.

అందరూ మెచ్చుకునే మరో సదుపాయముంది. ఒక్క సెల్ఫీ దిగితే చాలు, వేల ఫోటోల్లోంచి మీవి మాత్రం ఏరి మీ ఫోన్‌కే వస్తాయంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ మిమ్మల్ని వెతకాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఆ గుట్టలోని ప్రతి ముఖాన్నీ కొలవాలి. సెల్ఫీ దిగని తాత ముఖాన్ని, ఉయ్యాలలోని పసిపాప ముఖాన్ని, వడ్డించే కుర్రాడి ముఖాన్ని కూడా. ఒప్పుకున్నది మీరు, కొలతకెక్కింది వాళ్లు. అమెరికాలో ఎవర్ అనే ఫోటోలు దాచుకునే యాప్ ఉండేది. జనం నమ్మి ఇచ్చిన కుటుంబ ఫోటోలతో ఆ సంస్థ ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు తర్ఫీదు ఇచ్చింది. ఖాతాలు మూసేసినవాళ్ల ఫోటోలను కూడా తుడిచేయలేదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఆ ఫోటోలనే కాక వాటితో తయారైన సాఫ్ట్‌వేర్‌ను కూడా తుడిచేయాలని తేల్చింది. అదే ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ తన ముఖ గుర్తింపు వ్యవస్థను ఆపేసి, వంద కోట్ల మందికి పైగా ముఖాల కొలతలను తుడిచేస్తామని ప్రకటించింది. అంత పెద్ద సంస్థే వెనక్కి తగ్గిన పనిని మనం తాంబూలం ఇచ్చినంత తేలిగ్గా పెళ్లి ప్యాకేజీలో కలిపేసుకుంటున్నాం.

చట్టం చూసుకుంటుందిలే అనుకుంటే అదీ లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కానీ ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు సమాచారం వాడుకుంటే ఆ చట్టం వర్తించదు. పెళ్లి ఫోటోలు పోగేసే కుటుంబానికి ఆ మినహాయింపు గొడుగు పడుతుంది. ఆ చట్టం పూర్తిగా అమలైతే ఫోటోలు దాచే కంపెనీని నిలదీయొచ్చు గానీ పిలిచిన మేనమామను చట్టం నిలదీయదు. అందుకే ఇది ముందుగా మర్యాదకు సంబంధించిన విషయం. ఇంటికొచ్చినవాళ్ల మానమర్యాదలు కాపాడటం పిలిచినవాడి బాధ్యత అని మనకు చట్టం చెప్పాల్సిన పనిలేదు కదా.

ఇంటి గొడుగు అన్నిచోట్లా ఒకలా ఉండదు కూడా. 2020లో నెదర్లాండ్స్‌లో ఒక కోర్టు, మనవల ఫోటోలను తల్లి అనుమతి లేకుండా సోషల్ మీడియాలో పెట్టిన అమ్మమ్మను వాటిని తీసేయమని ఆదేశించింది. అందరూ చూసే చోట పెట్టాక అది ఇంటి వ్యవహారం కాకుండా పోవచ్చని కోర్టు భావించింది. డల్లాస్ నుంచో లండన్ నుంచో వచ్చిన చుట్టాల పిల్లలు మన పెళ్లిళ్లలో ఉంటారు. తమ పిల్లల ఫోటోలు బయట పెట్టవద్దని ముందే చెప్పే తల్లిదండ్రులు వాళ్లలో ఉంటారు. క్యూఆర్ కోడ్‌కు ఆ మాట వినపడదు.

ఎలాగూ అందరూ స్టేటస్‌లలో పెడుతూనే ఉన్నారు, ఇందులో కొత్తగా పోయేదేముంది అనేవాళ్లున్నారు. తేడా ఉంది. ఒకరు స్టేటస్‌లో పెడితే అది వాళ్ల పని, మరునాటికి మాయమవుతుంది, అడగాలంటే ఎవరిని అడగాలో తెలుసు. వందల మంది తీసినదంతా ఒక లింకు కింద చేరాక బరాత్‌లో ఆడిన అమ్మాయి తన వీడియో తీసేయమని ఎవరిని అడగాలి? ఎవరు తీశారో, ఎవరు వేశారో, ఎందరు దించుకున్నారో పెళ్లివారికే తెలియదు. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకునే పుస్తకం ఒకటుంటుంది. పేరు, ఊరు, ఎంత ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు తామేమిచ్చామో తెలుసు, పుచ్చుకున్నవాళ్లకు ఎవరిచ్చారో తెలుసు. నూటపదహార్లకు చూపించే శ్రద్ధలో పదోవంతు ఇంకొకరి ముఖానికి చూపించడం లేదు.

ఇంకొక ప్రమాదం నా వైపు వాదనలోనే ఉంది. అందుకే ఆడపిల్లలు ఆడకూడదు, ఫోటోల్లో పడకూడదు అని ఎవరో ఒక పెద్దమనిషి అందుకుంటాడు. నేను చెబుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆడనివ్వండి. ఆ వీడియో ఎవరికి వెళ్లాలో ఆమెనే చెప్పనివ్వండి. అడిగే అలవాటు లేని ఇంట్లోనే దాచిపెట్టే అలవాటు పెరుగుతుంది.

ఫోటోల మీద హక్కు సంగతి కూడా చాలామంది పట్టించుకోరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారివి. అతిథి తన ఫోన్‌తో తన సరదాకు తీసుకున్న ఫోటో అతిథిదే. అంటే స్టాండు పెట్టి మనం అడుగుతున్నది మన సొత్తును కాదు, ఇంకొకరి సొత్తును. ఇంకొకరి దగ్గరున్నది కావాలంటే మనిషిని చూసి అడగడం మన పద్ధతి. గేటు దగ్గర డబ్బా పెట్టి వెయ్యమనడం మన పద్ధతి కాదు.

మరి ఏం చేయాలి? పెళ్లికి ముందే పది పేర్లు రాసుకోండి. వంటల దగ్గర తిరిగే బావ, ఎప్పుడూ ఫోన్ ఎత్తి పట్టుకుని ఉండే చిన్నాయన కూతురు, ఎదురుకోళ్ల వైపు ఉండే స్నేహితుడు. ఆ పది మందికి ముందే చెప్పండి: అక్కా, నువ్వు తీసినవాటిలో నీకు నచ్చినవి ఇరవై పంపు, అందులో ఉన్నవాళ్లకు ఇష్టమేనా కనుక్కుని పంపు. ఎంపిక తీసినవాళ్లే చేస్తారు, అనుమతి అడిగినవాళ్లుంటారు. పది మంది ఇరవై చొప్పున పంపితే రెండు వందలు. అవి చూస్తారు, రాలేకపోయిన అమెరికా చుట్టానికి ఏరి పంపుతారు, వాటిలో నలభై అచ్చు వేయించుకుంటారు. కుదించకుండా రావాలంటే ఫైలుగా పంపమనండి. ఇంట్లో ఒకరు వాటికి బాధ్యులుగా ఉండాలి. ఎవరైనా వద్దంటే ఆరోజే తుడిచేసే అధికారం వాళ్లకు ఉండాలి. గ్రూపు పెట్టక తప్పకపోతే నిర్వాహకులే పోస్టు చేసేలా మార్చుకోండి, పదిహేను రోజుల తర్వాత మూసేయండి. సెల్ఫీ సేవ ప్యాకేజీలో ఉందని ఫోటోగ్రాఫరు చెబితే, మా పెళ్లికి వద్దని చెప్పండి. ఆ మాట చెప్పే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది, రాయితీ కూడా అడగొచ్చు.

ఏదైనా మంచి ఫోటో తప్పిపోతుందేమోనన్న భయమే ఈ పోగుకంతటికీ మూలం. తప్పిపోయిన ఫోటో ఎవరో ఒక చుట్టం ఫోన్‌లో భద్రంగా ఉంటుంది. ఏడాది తర్వాతైనా ఒక్క ఫోన్ చేస్తే వస్తుంది. లింకు దాటి ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి చేరిన ఫోటోను మాత్రం ఎన్ని ఫోన్లు చేసినా వెనక్కి రప్పించలేం. ఈ రెండు నష్టాల్లో ఏది పెద్దదో వచ్చే మాఘమాసపు ముహూర్తాలకు శుభలేఖలు అచ్చేయించే ముందే తేల్చుకోండి.