గద్దించి ప్రార్థిస్తే బిడ్డ భయం పోతుందా?



ఆటిజం ఉన్న బిడ్డ మందిరంలో చెవులు మూసుకుని కేకలు వేస్తే, చుట్టూ చేరి తలమీద చెయ్యి వేసి మైకులో గద్దించి ప్రార్థించడం మన పల్లె సంఘాల్లో మామూలైపోయింది. ఇది ఆగాలని మేము అంటున్నాం. ఆ బిడ్డను పట్టింది దయ్యం కాదు, ఆందోళన. తల్లి విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు.

బడి వయసులో ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి సుమారు 40 మందికి ఆందోళన జబ్బు స్థాయిలో ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. కొత్త టీచరు వచ్చినా, రోజూ ఎక్కే ఆటో మారినా వాళ్లకు పెద్ద గండమే. మాటల్లో చెప్పలేక కడుపునొప్పి అంటారు, చెయ్యి కొరుక్కుంటారు, అడిగిందే అడుగుతారు. మనమేమో మొండితనం అంటాం. సామెతల గ్రంథం పేరు చెప్పి బెత్తం తీసేవారూ ఉన్నారు.

దీనికి చికిత్స ఉంది. భయపెట్టే దానికి బిడ్డను మెట్టు మెట్టుగా అలవాటు చేసే సీబీటీ అనే మాటల చికిత్స. అమెరికాలో 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు 167 మందితో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. ఆటిజానికి తగినట్టు మార్చిన సీబీటీ మామూలు సీబీటీకన్నా మేలు చేసిందని అందులో తేలింది. మన మందిరంలోనూ అలా మెల్లగా అలవాటు చేయవచ్చు. ముందు ఎవరూ లేనప్పుడు పది నిమిషాలు కూర్చోబెట్టాలి. అది కుదిరాక ఒక్క పాట వరకు, తలుపు పక్కన చాప మీద. బిడ్డ చాలంటే బయటికి తీసుకెళ్లాలి. అయితే చెవిని బాధించే శబ్దానికి బిడ్డ అలవాటు పడనక్కరలేదు, దాన్ని మనమే తగ్గించాలి.

మందుల విషయం. డాక్టరు రాసినవి ప్రార్థన పేరుతో ఆపమని ఎవరూ, ఏ సేవకుడూ చెప్పకూడదు. ఈ బిడ్డల్లో కొందరికి ఫిట్సు కూడా ఉంటాయి. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అదీ రెండుసార్లు. హోరేబులో ఆయన గాలిలో లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు. మెల్లని స్వరంతో మాట్లాడాడు. మరి మన సౌండు బాక్సులకు అంత హోరు ఎందుకు?

వచ్చే ఆదివారం నుంచి సౌండు సగానికి తగ్గిస్తున్నాం. పాటల బృందం ఇంకా ఒప్పుకోలేదు, మాట్లాడుతున్నాం. బిడ్డను జిల్లా డీఈఐసీ కేంద్రంలో చూపించడానికి ఒంటరిగా బస్సెక్కే తల్లులకు తోడు వెళ్లగల సహోదరీలు ఆరాధన అయ్యాక పేరు ఇవ్వండి.