తొలి కంప్యూటరు: కొనవలసిన భాగములు, కొనరాని ఆడంబరము

పిల్లల చదువు కొఱకు ఇంట ఒక కంప్యూటరు ఉండవలెనను తలంపు నేడు మన కుటుంబములలో ఇంచుమించు అందఱికిని కలదు. తలంపు మంచిదే గాని కొనుగోలు జరుగుచున్న తీరు మాకు తృప్తికరముగా లేదు. పి.యు.సి. చదువు బాలుడు రంగురంగుల దీపములు వెలుగు యంత్రమును కోరును. తండ్రి దాని ధర విని బెదరి, ఏదో కార్యాలయము వదలించుకొనిన పాత యంత్రమును చవుకగా తెచ్చిపెట్టును. మొదటిదాని యందు ధనము వ్యర్థము. రెండవదాని యందు పెక్కుసారులు కాలము వ్యర్థము. ఈ రెంటి నడుమ మూడవ మార్గమొకటి కలదు. అది కావలసిన భాగములను మనమే ఎంచుకొని, మన యింటనే కూర్చుకొనుట.

ఇందుకు బెంగుళూరులో నున్న మనకు ఎస్.పి. రోడ్డు చిక్కపేటకు కూతవేటు దూరముననే యున్నది. చెన్నపురి వారికి రిచీ వీధి, ముంబయి వారికి లామింగ్టన్ రోడ్డు ఇట్టివే. సరుకునకు కొదువ లేదు. ఎంపిక యందే కొదువ. మేము ఇంజనీరులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అయినను సరుకు ఎంచుట, తూచుట, బిల్లు చూచుట మా వృత్తి గనుక, కొన్ని కుటుంబముల వారి కొనుగోళ్లలో తోడు నిలిచి తెలిసికొనిన సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

మొదటి సూత్రము: పని ముందు, భాగము తరువాత. పాఠములు చదువుట, వ్యాసములు వ్రాయుట, దుకాణపు లెక్కలు, ప్రోగ్రాములు నేర్చుట, ఇవియే మన యిండ్లలోని పనులు. వీనికి వేఱుగా గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. ప్రాసెసరులో ఇమిడియున్న గ్రాఫిక్స్ చాలును. కాని ఇచట ఒక్క యక్షరమును గమనింపవలెను. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అని యున్నచో దానిలో గ్రాఫిక్స్ ఉండదు. కొంచెము చవుకయని దానిని తెచ్చినవారు తెరపై బొమ్మ రాక, మరల కార్డు కొఱకు అంగడికి పరుగెత్తవలసివచ్చును.

రెండవది జత కుదురుట. ప్రాసెసరును మదర్‌బోర్డును వేఱువేఱుగా బేరమాడరాదు. ఇంటెల్ వారి ఎల్.జి.ఎ. 1700 సాకెట్టు 12, 13, 14 తరముల ప్రాసెసరులను గ్రహించును. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.5 సాకెట్టు 2022లో వచ్చినది, అది డి.డి.ఆర్.5 మెమొరీనే అంగీకరించును. దానికి ముందటి ఎ.ఎం.4 డి.డి.ఆర్.4నే అంగీకరించును. ఎల్.జి.ఎ. 1700 బోర్డులు రెండు విధములుగను దొరకును గనుక పెట్టెమీది వ్రాత చదివిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. ఒకదాని మెమొరీ మరియొకదానిలో కూర్చుండదు. గంటు వేఱుచోట నుండును. బోర్డు ప్రాసెసరుకంటె ముందు తయారైనదైనచో దాని బయోస్ క్రొత్తది చేయవలసి యుండవచ్చును. ఆ పని అంగడిలోనే చేయించుకొని రావలెను.

మెమొరీ ధర 2025 చివరి నెలలలో విపరీతముగా పెరిగినది. కృత్రిమ మేధ కొఱకు కట్టు డేటా కేంద్రములు మెమొరీని భారీగా కొనుటయే ఇందుకు ముఖ్య కారణము. అందుచే ‘ఎంత ఎక్కువైన అంత మేలు’ అను మాట విని 32 జి.బి. కొననక్కఱలేదు. పైన చెప్పిన పనులకు 16 జి.బి. చాలును. అదియు 8 జి.బి. పలకలు రెండుగా నుండుట మేలు. ఇమిడియున్న గ్రాఫిక్స్ ఈ మెమొరీనే వాడుకొనును గనుక రెండు పలకలున్నచో వేగము హెచ్చును. సొమ్ము చాలనివారు నేడొక పలకతో ఆరంభించి, అట్టిదే మరియొక పలక పిదప చేర్చుకొనవచ్చును. తామే కూర్చుకొనుటలోని సౌలభ్యమే యిది. దస్త్రములు దాచుటకు మాత్రము మొదటినుండియు ఎస్.ఎస్.డి. యుండవలెను. పాత హార్డు డిస్కుతో క్రొత్త ప్రాసెసరు కూడ మందకొడిగా నడచును.

ఇక మా అసలు మాట. కొనువారు మిక్కిలి తక్కువగా చూచు భాగము విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్. అది కంటికి కనబడదు, చుట్టములు దానిని మెచ్చుకొనరు. అందుచే కొందఱు కాబినెట్టుతో ఉచితముగా వచ్చు దానితోనే సరిపెట్టుకొందురు. మేమెఱిగిన ఒక కుటుంబములో నట్లే జరిగినది. ఎనిమిది నెలలు తిరుగకముందే ఒక వేసవి సాయంకాలము కరెంటు పోయి వచ్చినంతనే యంత్రము ఆగిపోయినది. పరీక్షింపగా ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోవుటయే గాక, తనతో మదర్‌బోర్డును కూడ చెఱచినదని తేలినది. పిల్లవాని రెండవ సెమిస్టరు ప్రాజెక్టు అంతయు దానియందే యుండెను. ఎస్.ఎస్.డి. బ్రతికియుండుట చేత దస్త్రములు దక్కినవి గాని, పునాదిలో మిగిల్చిన కొద్ది రూపాయలకు బదులు బోర్డంతటి వెల మరల చెల్లింపవలసివచ్చినది.

మన వర్తకులకు తెలియని లెక్క కాదిది. అట్టమీద పెద్ద యక్షరములతో ‘500 వాట్లు’ అని యుండవచ్చును. చూడవలసినది ప్రక్కనున్న చిన్న పట్టిక. అందు 12 వోల్టుల వరుసలో ఆంపియర్లు వ్రాసియుండును. 12ను ఆ ఆంపియర్లతో గుణించిన వచ్చునదే యంత్రమునకు ముఖ్యముగా ఉపయోగపడు శక్తి. 36 ఆంపియర్లున్నచో 432 వాట్లు. 15 మాత్రమే యున్నచో 180 వాట్లే. పైనున్న 500 అను సంఖ్య ఒట్టి అలంకారము. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రమునకు మంచి తయారీదారుని 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ధారాళముగా సరిపోవును. ‘80 ప్లస్’ అను గుర్తు గోడనుండి తీసికొను విద్యుత్తులో ఎంత సద్వినియోగమగునో తెలుపును. గుర్తుతోపాటు హామీ ఎన్నేండ్లో కూడ అడుగవలెను. ఇట్లే యు.పి.ఎస్. కొనునపుడు 600 వి.ఎ. యనిన 600 వాట్లని భ్రమపడరాదు. అట్టివి పెక్కు 360 వాట్లే యిచ్చును. అన్నిటికంటె ముందు ఇంటి ఎర్తింగు సరిగా నున్నదో లేదో విద్యుత్తు పనివానిచేత చూపించుకొనవలెను.

పాత యంత్రములనుగూర్చి ఒక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 టి.పి.ఎం. 2.0ను, ఇంటెల్ అయినచో సాధారణముగా 8వ తరమును గాని అంతకు పైదానిని గాని కోరును. అంగళ్లలో చవుకగా దొరకు 3వ, 4వ తరముల యంత్రములు ఈ లెక్కకు రావు. అయినను చేతిలో సొమ్ము లేని కుటుంబము అట్టిది కొనినచో మేము తప్పుపట్టము. దానిలో ఎస్.ఎస్.డి. వేసి, ఉచితముగా లభించు లినక్స్ వేసికొనినచో చదువునకు ఇంకను పనికివచ్చును. సంగతి తెలిసి కొనుట వేఱు, తెలియక మోసపోవుట వేఱు.

సిద్ధముగా దొరకు కంపెనీ యంత్రమునకు ఒకేచోట హామీ యుండునని కొందఱు పెద్దలు వాదింతురు. ఆ మాట నిజమే. ఇచట ప్రతి భాగమునకును హామీ వేఱు; జి.ఎస్.టి. బిల్లులు, పెట్టెలు, క్రమసంఖ్యలు భద్రపఱచు ఓపిక లేనివారు ఈ మార్గమునకు రాకుండుటయే మేలు. బిల్లు లేకుండ కొంత తగ్గించెదమను అంగడివాని మాటకు లోబడినచో హామీపై ఆశ వదలుకొనవలసినదే. కాని కొన్ని కంపెనీ యంత్రములలో ఎస్.ఎం.పి.ఎస్., బోర్డు ఆ కంపెనీకే చెందిన ప్రత్యేకపు కొలతలతో నుండును. హామీ తీరిన పిదప అవి చెడినచో బయటి అంగడి సరుకు అమరదు. మనము కూర్చుకొనిన యంత్రమున చెడిన భాగమొక్కటియే మార్చుకొందుము. ఏ భాగము చెడెనో కనిపెట్టుటయు పిల్లలకు తెలియును.

తుదకు, మనవంటి వారికి మిక్కిలి ముఖ్యమైన భాగము మీటల పలక. దీపములు లేని, గట్టి పలక యొకటి కొని, విండోస్ లోను లినక్స్ లోను ఉచితముగా నున్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికను పిల్లలకు అలవాటు చేయవలెను. తెలుగున ‘క’ నిచ్చు మీటయే కన్నడమునను ‘క’ నిచ్చును; తమిళము, ఒడియా, మరాఠీలకును అట్లే. బడిలో కన్నడము వ్రాయుటకు నేర్చిన వ్రేళ్లే ఇంట తెలుగు వ్రాయగలవు. మన పిల్లలలో తెలుగు మాటలాడువారు కలరు గాని వ్రాయువారు నానాటికి తగ్గుచున్నారు. ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయు అలవాటు ముదిరినచో రెండు తరములలో లిపి మన యిండ్ల గడప దాటిపోవును. చదువు కొఱకు కొను యంత్రము లిపిని కూడ నిలుపవలెనని మా కోరిక.

కావున కార్యవర్గమునకు మా సూచన యిది. వేసవి సెలవులలో ఆదివారములందు సంఘ భవనమున ఒక పెద్ద బల్ల, నమ్మకమైన ఎర్తింగు గల ఒక ప్లగ్గు, ఒక స్క్రూడ్రైవరు సిద్ధపఱుపవలెను. ఇంజనీరింగు చదువుచున్న మన యువకులు, యువతులు వంతులవారీగా కూర్చుండి, కొనబోవువారి భాగముల జాబితాను కొనుగోలునకు ముందే పరీక్షింపవలెను. పిదప పిల్లలు తమ యంత్రమును అచటనే తమ చేతులతో కూర్చుకొనవలెను. ఈ పనికి ఆడపిల్లలను కూడ తప్పక పంపవలెనని తల్లిదండ్రులకు మా మనవి. తమ యభిప్రాయములను సభ్యులు వచ్చు వారములోగా కార్యాలయమునకు తెలిపినచో తదుపరి సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టగలము.