కథకు కొలత యేది?

కథానికకు ఎన్ని పుటలు? నవలకు ఎన్ని? నేడు కథల పోటీల ప్రకటనలలో తరచుగా ముందు కనిపించునది ఈ పరిమితియే. విద్యార్థి నోటుపుస్తకములోను ఇదియే: చిన్నది కథానిక, మధ్యస్థము నవలిక, పెద్దది నవల. విభజన సులభమే, అది చాలునా అనునదే ప్రశ్న.

వర్గీకరణము మనకు క్రొత్త కాదు. అగ్నిపురాణము గద్యకావ్యమును ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక అని ఐదు విధములుగా చెప్పినది. పాశ్చాత్యులలో ఎడ్గార్ ఆలన్ పో 1842లో నిడివిని కాలముతో కొలిచెను: అరగంట మొదలు రెండు గంటలలో, ఒక్క విడతలో చదివి ముగింపదగిన రచనయే మనస్సుపై ఏకముద్ర వేయగలదని ఆయన భావము. 1927లో ఫార్‌స్టర్ నవలకు 50,000 మాటలు కనీసమనెను. అమెరికాలో వైజ్ఞానిక కల్పనలకిచ్చు నెబ్యులా బహుమతులలో 7,500 మాటల లోపుది కథ. 40,000 మొదలు నవల. బహుమతి నిచ్చువారికి ఎచ్చటనో ఒక గీత గీయక తప్పదు.

కాని ఆ గీతలను తెలుగునకు యథాతథముగా తెచ్చుట పొరపాటు. 'చేయలేకపోయినవాడు' మనకు ఒక్క మాట. ఇంగ్లీషున అది ఐదారు మాటలు. అంకెలు అవే యైనను కొలత ఒకటి కాదు. మరియు చలం 'మైదానం' చిన్న పుస్తకము. విశ్వనాథ 'వేయిపడగలు' మహాగ్రంథము. తెలుగు పాఠకుడు రెంటిని నవలలనియే పిలుచుచున్నాడు.

పరిమాణము వేరు, సారము వేరు అనుటకు బొగ్గుగనుల ప్రాంతపు విద్యార్థికి నిదర్శనము ఇంటివద్దనే కలదు. సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రమైన గోలేటిలో ఏ కార్మికుని అడిగినను చెప్పును: బొగ్గును ముక్కల పరిమాణమును బట్టి వేరుచేయుట ఒక పని, శ్రేణి నిర్ణయించుట మరియొక పని. 2012 నుండి దేశమున జి-1 మొదలు జి-17 వరకు గల శ్రేణులకు ఆధారము, కిలో బొగ్గు ఇచ్చు ఉష్ణశక్తియే.

కథకు ఆ ఉష్ణము జీవితములోని మార్పు. గురజాడ 'దిద్దుబాటు' (1910)నకు ఒక్క రాత్రి చాలినది, అది కథానిక. 'వేయిపడగలు'నకు తరముల కాలము కావలసివచ్చినది. బాయిలో ఒక షిఫ్టున, ఎనిమిది గంటలలో, ఒకని మనస్సు మారినచో అది కథానికకు వస్తువు. ఓపెన్‌కాస్టు క్రింద ఊరు పోయి, రైతు కొడుకు కార్మికుడై, వాని కొడుకు పనికై మరల దేశము పట్టిపోవుట నవలకు వస్తువు. దీనిని నాలుగు పుటలకు కుదించినచో మిగులునది సారాంశము; దానిని నాలుగువందల పుటలకు సాగదీసినచో మిగులునది ఊకదంపుడు.

కావున ఉపాధ్యాయుడు విద్యార్థిని పుటల సంఖ్యకు ముందు మూడు ప్రశ్నలు అడుగుట మేలు: ఇందు మారినదెవరు? ఎంత కాలములో? ఎందరి బ్రతుకులు ఆ మార్పుతో ముడిపడినవి? వీనికి సమాధానము దొరికిన పిదప పుటలు లెక్కించినను నష్టము లేదు.