పాత చీటీలో పదిహేడో నంబరు



1999లో, హెడ్మాస్టరునైన కొత్తలో, నేనొక తప్పు చేశాను. నా బల్ల సొరుగులో ఒక చీటీ కనిపించింది. "తొమ్మిదో తరగతి, 17వ నంబరు, కిటికీ అద్దం పగలగొట్టాడు" అని వుంది. వెంటనే 17వ నంబరు కుర్రవాణ్ణి పిలిపించి గట్టిగా చీవాట్లు పెట్టాను. వాడు ఏడుస్తూ, "నేను ఈ ఏడే బడిలో చేరానండీ!" అన్నాడు. తీరా చూస్తే చీటీ నిరుటిది. నంబరు అదే, కుర్రవాడు వేరు!

సరిగా ఇలాంటి పొరపాటే కంప్యూటరులోనూ జరుగుతుంది.

నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరు వుంటుంది. దాన్ని పి.ఐ.డి. అంటారు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను ప్రారంభించారు. నేటి లినక్సుదీ ఆ పద్ధతే. ఇందులో ఒక ప్రోగ్రాము మరొకదాన్ని నడపదలిస్తే "ఫోర్క్" అని అడుగుతుంది. బిడ్డ ప్రాసెస్ పుడుతుంది. దాని నంబరు తల్లికి అందుతుంది. ఆ నంబరు చెప్పి, "దాన్ని ఆపు" అని తల్లి కోరవచ్చు.

నంబర్లు వరసగా పెరుగుతాయి. కాని హద్దు వుంది. లినక్సులో చాలాకాలం అది 32,768. పెద్ద యంత్రాలలో 41,94,304 దాకా పెంచవచ్చు. హద్దు చేరాక లెక్క మళ్ళీ కిందినుంచి మొదలవుతుంది. ఖాళీ అయిన నంబర్లు కొత్తవాటికి పోతాయి.

తల్లి పాత నంబరును దాచుకుని, చాలాసేపటికి "ఆపు" అన్నదనుకోండి. ఈలోగా ఆ నంబరు, మీ అక్కయ్య వ్యాసం రాసుకుంటున్న ప్రోగ్రాముకు వచ్చివుంటే? భద్రపరచని రాతంతా పోయినట్టే!

మరి ఉపాయం? బిడ్డ పని ముగిసినా, తల్లి "వెయిట్" అని అడిగి ఆ సంగతి తెలుసుకునేదాకా, కంప్యూటరు ఆ నంబరును ఇంకెవరికీ ఇవ్వదు. అలా నంబరు మాత్రమే మిగిలిన ప్రాసెస్‌ను "జోంబీ" అంటారు. పేరు దయ్యానిదే కాని, చేసేది కాపలా! కనుక వెయిట్‌కు జవాబు రానంతవరకు ఆ నంబరును నమ్మవచ్చు. జవాబు వచ్చిన మరుక్షణం దాన్ని చీటీలోంచి కొట్టివేయాలి.

నేనా? అందరి ముందూ ఆ కుర్రవాణ్ణి క్షమాపణ అడిగాను. అప్పటినుంచి నంబరు పక్కనే పేరూ, తేదీ కూడా రాస్తున్నాను.

ఇక ఈ నెల ప్రశ్న: ఫోర్క్ చేసినప్పుడు తల్లికి బిడ్డ నంబరు అందుతుంది, బిడ్డకు మాత్రం 0 అందుతుంది. తల్లి నంబరు ఇవ్వకుండా 0 ఎందుకు? ఆలోచించండి. జవాబు వచ్చే నెల చెబుతాను.